నూనె మీద సుంకం పెంచితే ప్యాకెట్ ధర ఎంత పెరగాలి? తగ్గిస్తే ఎందుకు తగ్గదు?

ప్రశ్న క్లుప్తంగా: 2024 సెప్టెంబరులో వంటనూనెల దిగుమతి సుంకం పెంచారనగానే రోజుల్లోనే కొట్లలో రేటు మారిపోయింది. 2025 మే నెలాఖరులో తగ్గించారని వార్త వచ్చినా నెలలు గడిచాక కూడా ప్యాకెట్ మీద పెద్ద తేడా కనిపించలేదు. ఇందులో న్యాయమైన లెక్క ఎంత, అమ్మేవాళ్లు మిగుల్చుకున్నది ఎంత? అమెరికా మన సరుకు మీద వేసే సుంకం కూడా చివరికి మనమే కట్టాలా?

ముందు అసలు సంగతి. సుంకం ఏ దేశం విధిస్తే ఆ దేశంలోని దిగుమతిదారు ఆ దేశపు ఖజానాకే కడతాడు. చట్టం ప్రకారం అంతే. కట్టినవాడు దాన్ని కొనేవాళ్ల మీదికి తోస్తాడా, సరుకు పంపినవాడి ధరలో కోస్తాడా అన్నది ఆ తర్వాత జరిగే బేరం. ఆ బేరంలో ఎవరికి వేరే దారి లేదో భారం వాళ్ల నెత్తినే పడుతుంది. వంటనూనెలో వేరే దారి లేనిది మనకే. దేశంలో వాడే నూనెలో సగానికి పైగా బయటి నుంచి వస్తుంది. ఏటా 150 నుంచి 160 లక్షల టన్నులు. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, సోయా ప్రధానంగా అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుంచి, సన్‌ఫ్లవర్ రష్యా, ఉక్రెయిన్, అర్జెంటీనాల నుంచి. మన వైపు సరుకు చాలావరకు కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో దిగి, అక్కడే ఉన్న రిఫైనరీల్లో శుద్ధి అయి, ప్యాకెట్లలోకి వెళుతుంది.

ఇప్పుడు రేట్లు. 2024 సెప్టెంబరు 14 నుంచి ముడి పామాయిల్, ముడి సోయా, ముడి సన్‌ఫ్లవర్ నూనెల మీద బేసిక్ కస్టమ్స్ సుంకం సున్నా నుంచి 20 శాతానికి వెళ్లింది. శుద్ధి చేసిన నూనెల మీద 12.5 నుంచి 32.5కు వెళ్లింది. పత్రికల్లో వచ్చింది ఈ అంకెలే. రేవులో కట్టేది ఇంకా ఎక్కువ. ముడి నూనె మీద 5 శాతం వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు ఉంది. బేసిక్, సెస్సు రెండూ కలిపిన మొత్తం మీద మళ్లీ 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి ఉంది. అంటే 20 ప్లస్ 5, దానికి పదో వంతు కలిపితే 27.5 శాతం. అంతకుముందు ఇదే లెక్క 5.5 శాతం. శుద్ధి చేసినదానికి 13.75 కాస్తా 35.75 అయింది. 2025 మే 30న ముడి నూనెల బేసిక్ సుంకాన్ని 20 నుంచి 10కి తగ్గించారు, మొత్తం సుంకం 16.5 శాతానికి దిగింది. శుద్ధి చేసిన నూనెను మాత్రం ముట్టుకోలేదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. తగ్గింపు వచ్చినా 5.5కి తిరిగి రాలేదు. పెంచినది 22 పాయింట్లు, తగ్గించినది 11 పాయింట్లు. అంటే 2024 ఆగస్టు నాటి ధరను 2025 జూలైలో వెతికితే దొరకదు, దొరకాల్సిన పనీ లేదు.

ప్యాకెట్ లెక్క చేద్దాం. సులువుగా ఉండడానికి ముడి నూనె రేవు దాకా చేరిన ధర టన్ను 1,000 డాలర్లు, డాలరుకు 85 రూపాయలు అనుకుందాం. కిలో 85 రూపాయలు. దాని మీద సుంకం 5.5 శాతం ఉన్నప్పుడు 4 రూపాయల 68 పైసలు, 27.5 ఉన్నప్పుడు 23 రూపాయల 38 పైసలు. తేడా కిలోకు 18 రూపాయల 70 పైసలు. లీటరు ప్యాకెట్‌లో ఉండేది కిలో కాదు, సుమారు 910 గ్రాములు. శుద్ధిలో బంక, ఆమ్లాలు, రంగు, వాసన తీసేటప్పుడు 4 శాతం దాకా తరుగు పోతుందనుకుంటే, ఆ 910 గ్రాములు తయారవడానికి దగ్గరదగ్గర 950 గ్రాముల ముడి నూనె కావాలి. 18.70ని 0.95తో గుణిస్తే 17.77. దాని మీద 5 శాతం జీఎస్‌టీ కలిపితే 18 రూపాయల 65 పైసలు. సుంకం మీద కూడా జీఎస్‌టీ పడుతుందన్నది ఈ చివరి అడుగులో గమనించాల్సిన విషయం.

శుద్ధి, ప్యాకింగ్, రవాణా, కమిషన్లు అన్నీ కలిపి లీటరుకు 15 రూపాయలు వేసుకుంటే పాత సుంకంతో ప్యాకెట్ 105 రూపాయలు, పెంచిన సుంకంతో 124 రూపాయలు. ఆ 15 స్థానంలో మీకు తెలిసిన అంకె వేసుకున్నా పెరుగుదల రూపాయల్లో మారదు. సుంకం 22 పాయింట్లు పెరిగితే ప్యాకెట్ 18 శాతం దాకా పెరిగింది. సుంకం పడేది సరుకు విలువ మీదే, ప్యాకెట్ సంచి మీద, లారీ కిరాయి మీద కాదు కాబట్టి రెండు శాతాలూ ఎప్పుడూ సమానం కావు. 2025లో తగ్గించిన 11 పాయింట్లకు ఇదే దారిలో లెక్కిస్తే లీటరుకు 9 రూపాయల 33 పైసలు వస్తుంది. ముడి నూనె 1,200 డాలర్లు ఉంటే ఈ అంకెలన్నిటికీ ఐదో వంతు కలుపుకోండి.

నెలకు నాలుగు లీటర్లు వాడే ఇంటికి 18.65 చొప్పున ఏడాదికి 895 రూపాయలు. జీతం ఉన్న ఇంట్లో ఇది కనిపించకపోవచ్చు. రోజుకు 15 లీటర్ల డబ్బా వాడే బజ్జీల బండికి మాత్రం రోజుకు 280 రూపాయలు అదనం. అందుకే మొదట మారేది ప్లేటు ధర కాదు, ప్లేటులో వచ్చే ముక్కల సంఖ్య.

పామాయిల్‌లో లెక్క ఇంకాస్త చిక్కు. ముడి పామాయిల్‌ని శుద్ధి చేశాక గడ్డకట్టే భాగాన్ని విడదీస్తారు. ద్రవంగా మిగిలేది మనం వాడే పామోలిన్. గడ్డకట్టేది స్టియరిన్, అది సబ్బులకు, వనస్పతికి పోతుంది. కాబట్టి పామాయిల్ సుంకంలో కొంత భాగం వంటింట్లో కాక స్నానాల గదిలో కడతాం. 2024 చివర్లో సబ్బుల కంపెనీలు ధరలు పెంచినప్పుడు చెప్పిన కారణాల్లో పామాయిల్ ధర ముందు వరసలో ఉంది. బిస్కెట్లు, రస్కులు, మిక్చరు, చిప్స్ సంగతీ అంతే. వీటిలో ధర ముట్టుకోకుండా గ్రాములు తగ్గిస్తారు.

ఇక ఎక్కడం వేగంగా, దిగడం నెమ్మదిగా ఎందుకుంటుందో చూద్దాం. దీనికి నాలుగు కారణాలున్నాయి. ఒక్కటి మాత్రమే లాభాపేక్ష.

మొదటిది, నూనె వ్యాపారంలో ధర కట్టేది ట్యాంకులో ఉన్న సరుకు కొన్న ధరను బట్టి కాదు, అది అమ్మేశాక మళ్లీ కొనాల్సిన సరుకు ధరను బట్టి. సుంకం పెరిగిన మర్నాడే తర్వాతి ట్యాంకరు ఖరీదు పెరిగింది, కాబట్టి ఈ రోజు అమ్మేదీ పెరుగుతుంది. 2024 సెప్టెంబరులో ఇది కళ్లకు కట్టినట్టు కనబడింది. తక్కువ సుంకంతో వచ్చిన నూనె దేశంలో 30 లక్షల టన్నులు ఉందని, 45 నుంచి 50 రోజులకు సరిపోతుందని, అది అయిపోయేదాకా ఎమ్మార్పీ పెంచవద్దని కేంద్ర ఆహార శాఖ కంపెనీల సంఘాలను కోరింది. ధరలు ఆగలేదు. ఎందుకు పెరిగాయో చెప్పమని శాఖ మళ్లీ సంజాయిషీ అడిగింది. నా దృష్టిలో ఆ 45 రోజుల తేడాయే అసలు అన్యాయం. ఎందుకంటే తగ్గింపు వచ్చినప్పుడు ఇదే వ్యాపారం ‘పాత సరుకు ఎక్కువ సుంకం కట్టి తెచ్చాం, అది అమ్ముడవనివ్వండి’ అంటుంది. పెరిగేటప్పుడు ఒక సూత్రం, తగ్గేటప్పుడు ఇంకో సూత్రం. టోకు మార్కెట్‌లో పోటీ గట్టిగా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ ఆట ఎక్కువ రోజులు సాగదు. బ్రాండు ప్యాకెట్ల దగ్గరే సాగుతుంది.

రెండోది కస్టమ్స్ చట్టంలోని తేదీల నియమం. 1962 చట్టం 15వ సెక్షన్ ప్రకారం నేరుగా విడిపించుకునే సరుకుకు బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతిదారు కస్టమ్స్‌కు ఇచ్చే సరుకు వివరాల పత్రం) వేసిన రోజు రేటు వర్తిస్తుంది. ఓడ రాకముందే వేస్తే, ఓడకు ప్రవేశం ఇచ్చిన రోజు రేటు. సుంకం కట్టకుండా బాండెడ్ ట్యాంకుల్లో పెట్టిన సరుకుకు దాన్ని బయటికి తీయడానికి బిల్లు వేసిన రోజు రేటు. దీనివల్ల సుంకం పెంచుతారన్న గాలివార్త వస్తే అందరూ పరుగున విడిపించుకుంటారు, తగ్గిస్తారన్న మాట వినబడితే బాండులోనే ఉంచేస్తారు. తగ్గింపుకు ముందు రెండు మూడు వారాలు బజారులో సరుకు బిగుసుకుని ధర ఎక్కడం చాలాసార్లు ఇందువల్లే. ఆ ఎక్కిన ధర నుంచి తగ్గింపు మొదలవుతుంది కాబట్టి తగ్గినట్టే అనిపించదు.

దీనికి తోడు టారిఫ్ విలువ అనే పద్ధతి ఉంది. పామాయిల్, సోయా నూనెల మీద సుంకాన్ని బిల్లులో ఉన్న ధర మీద కాకుండా, కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 15 రోజులకోసారి డాలర్లలో ప్రకటించే విలువ మీద వేస్తారు. తక్కువ చూపించి ఎగ్గొట్టకుండా పెట్టిన నియమం ఇది. వ్యాపారి మూడు నెలల కింద 900 డాలర్లకు బేరం కుదుర్చుకున్నా ప్రకటించిన విలువ 1,000 ఉంటే సుంకం 1,000 మీదే. సుంకం శాతం కదలకపోయినా కట్టే సొమ్ము పక్షానికోసారి మారుతుందన్నమాట.

మూడోది డాలరు, ప్రపంచ ధర. పై ఉదాహరణలో లీటరుకు 9 రూపాయల 33 పైసల తగ్గింపు రావాలని లెక్కేశాం. ప్రపంచ ధర టన్నుకు 95 డాలర్లు పెరిగితే చాలు, ఆ తగ్గింపు పూర్తిగా చెరిగిపోతుంది. డాలరు 85 నుంచి 88కి పోతే మూడున్నర రూపాయలు పోతాయి. 2025 మే తర్వాత రూపాయి బలహీనపడుతూ వచ్చింది, సన్‌ఫ్లవర్ నూనె ప్రపంచ ధరా ఎక్కింది. పామాయిల్‌కు వేరే కథ ఉంది. ఇండోనేషియా 2025 నుంచి డీజిల్‌లో 40 శాతం పామాయిల్ ఇంధనం కలిపే పథకం మొదలుపెట్టింది. ఎగుమతికి మిగిలే నూనె తగ్గుతుందన్న అంచనాతో, ఎప్పుడూ చౌకగా ఉండే పామాయిల్ కొన్ని నెలలు సోయా కంటే ఖరీదైంది. మీ ప్యాకెట్ ధర తగ్గలేదంటే సుంకం తగ్గింపు ఎవరో మింగారనే కాదు, అది లేకపోతే ధర ఇంకా పెరిగేదని కూడా అర్థం కావచ్చు. ఏది నిజమో తేల్చడానికి పై లెక్కే సాధనం.

నాలుగోది పెద్దగా ఎవరూ చెప్పరు. ప్రపంచంలో వంటనూనె ఎక్కువగా కొనే దేశం మనదే. మనం సుంకం తగ్గించగానే మన కొనుగోళ్లు పెరుగుతాయని అమ్మేవాళ్లకు తెలుసు, అక్కడ ధర కాస్త పెంచుతారు. మన ఖజానా వదులుకున్న సొమ్ములో కొంత జకార్తా, కౌలాలంపూర్‌ల వైపు పోతుంది. ఇండోనేషియా తన వైపు ఎగుమతి సుంకం, లెవీ కూడా వేస్తుంది, ఆ లెవీ ముడి నూనె మీద ఎక్కువ, శుద్ధి చేసినదాని మీద తక్కువ. తమ దేశంలోనే శుద్ధి జరగాలన్నది వాళ్ల ఆలోచన. మన దగ్గర ముడి నూనెకు, శుద్ధి చేసినదానికి తేడా 8.25 శాతమే ఉన్నప్పుడు నేరుగా శుద్ధి చేసిన పామోలిన్ తెచ్చుకోవడమే గిట్టుబాటైంది. రేవుల దగ్గర మన రిఫైనరీలు సగం ఖాళీగా నడిచాయి. 2025 మేలో ముడి నూనెను మాత్రమే తగ్గించి తేడాను 19.25 శాతానికి తీసుకెళ్లింది అందుకే. ఆ తర్వాత శుద్ధి చేసిన పామోలిన్ దిగుమతులు దాదాపు ఆగిపోయాయి. అంటే ఆ నిర్ణయం వినియోగదారు కోసం ఎంతో, రిఫైనరీల కోసమూ అంతే.

ఇంకో దారిలో కూడా సరుకు వచ్చింది. దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద నేపాల్ నుంచి వచ్చే శుద్ధి నూనెకు సుంకం సున్నా. అక్కడ సోయా, సన్‌ఫ్లవర్ చెప్పుకోదగ్గంత పండవు. ముడి నూనె దిగుమతి చేసుకుని, శుద్ధి చేసి, మనకు పంపారు. మన సుంకం 35.75కి చేరిన నెలల్లో ఈ రాక ఎగబాకింది. లాభం ఉత్తరాది, తూర్పు రాష్ట్రాల బజార్లకు దక్కింది, మన దాకా రాలేదు.

‘మా ఇంట్లో దిగుమతి నూనె వాడం, గానుగ పల్లి నూనే’ అనేవాళ్లకూ ఈ సుంకం తగులుతుంది. సన్‌ఫ్లవర్ లీటరు 19 రూపాయలు పెరిగితే కొంతమంది తవుడు నూనెకు, పత్తి గింజల నూనెకు, పల్లి నూనెకు మళ్లుతారు. వాటికి గిరాకీ పెరిగి ధరలూ లేస్తాయి. అనంతపురం పల్లి నూనె ఏ రేవూ దాటదు, ఏ సుంకమూ కట్టదు, అయినా ధర పెరుగుతుంది. ఈ పెరుగుదలలో ఖజానాకు ఒక్క పైసా పోదు, అంతా మిల్లు, వ్యాపారి, రైతుల మధ్య పంచుకోబడుతుంది. ఇలాంటిదే అమెరికాలో లెక్కకట్టి చూశారు. 2018లో దిగుమతి వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేస్తే వాటి ధర సుమారు 12 శాతం పెరిగింది, ఒక్కోదానికి 86 డాలర్లు. బట్టలు ఆరబెట్టే యంత్రాల మీద సుంకమే లేదు, కానీ రెండూ జంటగా అమ్ముడవుతాయి కాబట్టి వాటి ధర 92 డాలర్లు పెరిగింది. స్థానికంగా తయారైన బ్రాండ్లు కూడా పెంచాయి. కొత్తగా వచ్చిన 1,800 ఉద్యోగాలకు లెక్కిస్తే ఒక్కో ఉద్యోగానికి వినియోగదారులు 8 లక్షల డాలర్లకు పైగా కట్టారని ఆర్థికవేత్తలు తేల్చారు.

ఇంతవరకు కొనేవాళ్ల వైపు. రైతు వైపు చూడకుండా సుంకం తప్పనడం సగం మాటే. ఏలూరు, కాకినాడ, ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో పామాయిల్ తోటలకు సుంకమే ధర. జాతీయ వంటనూనెల మిషన్ సూత్రంలో ఫ్యాక్టరీ రైతుకు చెల్లించాల్సింది ముడి పామాయిల్ ధరలో 14.3 శాతం. ముడి నూనె కిలోకు రూపాయి పెరిగితే గెలల ధర టన్నుకు 143 రూపాయలు పెరగాలి. పై ఉదాహరణ అంకె 18.70 పూర్తిగా దేశీయ ధరలోకి వస్తే టన్నుకు 2,674 రూపాయలు. ఎకరాకు 8 టన్నులు దిగుబడి ఇచ్చే ముదురు తోటకు ఏడాదికి 21,000 పైచిలుకు. వంటింట్లో 895 రూపాయల భారం, తోటలో ఎకరాకు 21 వేల ఆదాయం ఒకే ఉత్తర్వులోంచి వచ్చాయి. ఏది ఎక్కువ విలువైనదో ఎవరి స్థానాన్ని బట్టి వాళ్లు చెబుతారు. నేను గట్టిగా చెప్పదలచినది వేరే ఉంది. పామాయిల్ మొక్క నాటాక నాలుగో ఏడు నుంచి కాపు, ఆపైన 25 ఏళ్లకు పైగా తోట ఉంటుంది. అలాంటి పంటకు ఊతమిచ్చే సుంకం ఎనిమిదిన్నర నెలల్లో సగమైపోయింది. 1994లో పామోలిన్ దిగుమతిని 65 శాతం సుంకంతో తెరిచి, 1998 నాటికి 15 శాతానికి దించినప్పుడు కూడా నూనెగింజల రైతు ఇలాగే దెబ్బతిన్నాడు. రేటు ఎక్కువా తక్కువా అన్నదానికన్నా అది ఎప్పుడు మారుతుందో తెలియకపోవడమే రైతుకు, వినియోగదారుకు ఇద్దరికీ ఎక్కువ నష్టం. ఆ తెలియనితనం మీద బతికేది మధ్యలో నిల్వ పెట్టగలిగినవాడు.

బంగారంతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. 2024 జూలై 23 బడ్జెట్‌లో బంగారం సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించారు. ధర ఆ పూటే పడింది. గ్రాము బంగారానికి రోజూ ప్రకటించే ధర ఉంది, ఏ షాపుదైనా ఒకే సరుకు, కొనేవాళ్లు నాలుగు షాపులు ఫోన్ చేసి అడుగుతారు. నూనె ప్యాకెట్‌కు బ్రాండు, సైజు, ఎమ్మార్పీ అని మూడు తెరలున్నాయి. అవి తీసి చూడటం మీ చేతిలో ఉంది.

ముందు ప్యాకెట్ మీద నికర బరువు చూడండి. లీటరు అని రాసినది 910 గ్రాములు ఉండాలి. నిర్ణీత సైజుల్లోనే ప్యాక్ చేయాలన్న నిబంధన తీసేశాక 800, 850, 870 గ్రాముల ప్యాకెట్లు లీటరు ప్యాకెట్ ఆకారంలోనే వస్తున్నాయి. 120 రూపాయల 850 గ్రాముల ప్యాకెట్ కంటే 126 రూపాయల 910 గ్రాముల ప్యాకెట్ చౌక. కిలోకు మొదటిది 141, రెండోది 138. ప్యాకెట్ మీద యూనిట్ ధర చిన్న అక్షరాల్లో ఉంటుంది, కానీ అది ఎమ్మార్పీ మీద లెక్కించినది. మీరు కట్టే ధరను మీరే భాగించుకోవాలి. డబ్బా కొనేటప్పుడు 15 కిలోలా, 15 లీటర్లా అని అడగండి. 15 లీటర్లంటే 13.65 కిలోలే, కిలోంపావుకు పైగా తేడా.

ఎమ్మార్పీ తగ్గిందన్న ప్రకటనను పట్టించుకోవద్దు. నూనె ప్యాకెట్ల మీద ఎమ్మార్పీ, కొట్లో అమ్మే ధర మధ్య 15, 20 రూపాయల ఖాళీ ఉండటం మామూలే. 2025 జూన్‌లో తగ్గింపును డిస్ట్రిబ్యూటరు ధరలో, ఎమ్మార్పీలో వెంటనే చూపాలని, బ్రాండ్ల వారీగా వారం వారం ధరల పట్టిక పంపాలని కేంద్రం కంపెనీలకు చెప్పింది. ఎమ్మార్పీ పది తగ్గించి అమ్మే ధర కదపకపోతే పట్టికలో తగ్గినట్టే ఉంటుంది, మీ జేబులో తగ్గదు. కాబట్టి అదే కొట్టులో, అదే బ్రాండు, కిలో ధర నెలకోసారి రాసిపెట్టుకోండి. సుంకం తగ్గిన తర్వాత పామాయిల్‌కు నాలుగు వారాలు, సోయా, సన్‌ఫ్లవర్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాలు గడువు ఇవ్వడం న్యాయం. ఇండోనేషియా ఓడ వారం పది రోజుల్లో వస్తుంది, అర్జెంటీనా ఓడకు నెల పైనే పడుతుంది. ఆ గడువు దాటాక కూడా, ప్రపంచ ధర, డాలరు కదలికలు తీసేసినా తగ్గకపోతే బ్రాండు మార్చండి. ఒకే రేవులో దిగిన ఒకే ముడి నూనె రెండు బ్రాండ్లలో కిలోకు 15 రూపాయల తేడాతో దొరకడం అరుదేమీ కాదు.

ఫిర్యాదుకు హద్దు ఉంది. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకున్నా, బరువు తక్కువున్నా తూనికలు కొలతల శాఖకు గాని, 1915 నంబరుకు గాని చెప్పండి, చర్య ఉంటుంది. సుంకం తగ్గినా ధర తగ్గించలేదన్నది చట్టరీత్యా నేరం కాదు. జీఎస్‌టీ తగ్గినప్పుడు ఆ లాభం కొనేవాళ్లకు ఇవ్వాలని ఆ చట్టం 171వ సెక్షన్‌లో ఉంది, కస్టమ్స్ సుంకానికి అలాంటి నిబంధన లేదు. సుంకం పెంచుతారన్న వార్తకు బెదిరి ఆరు నెలల నూనె కొని పెట్టుకోకండి. ప్యాకెట్ విప్పకపోయినా ఎండాకాలం వేడికి నూనె వాసన మారుతుంది. రెండు నెలలకు సరిపడా చాలు. అయిదు లీటర్లు మిగిల్చేది వంద రూపాయల లోపే.

అమెరికా సుంకాల సంగతి. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరింది. అది అమెరికా రేవులో, అమెరికా ఖజానాకు కట్టేదే. కానీ భీమవరం చెరువుల దగ్గర రొయ్య ధర ఎందుకు పడింది? రెండు కారణాలు. రొయ్యల ఎగుమతిలో చాలా ఒప్పందాలు సుంకం కట్టి చేర్చే పద్ధతిలో ఉంటాయి. అంటే అక్కడ దిగుమతిదారు స్థానంలో నిలబడి సుంకం మొదట కట్టాల్సింది మన ఎగుమతిదారే, దాన్ని కొనేవాడి నుంచి రాబట్టుకోవాలి. రాబట్టుకోగలిగాడా అంటే, అప్పట్లో ఈక్వెడార్ రొయ్యల మీద సుంకం 15 శాతమే. అమెరికా కొనుగోలుదారుకు వేరే దారి ఉంది. ఓడలు ఎక్కాల్సిన సరుకు చేతిలో పెట్టుకున్న మన ప్లాంట్లకు, పట్టుబడికి వచ్చిన చెరువు ముందున్న రైతుకు అంత తొందరగా వేరే దారి లేదు. అందుకే ఇందులో పెద్ద వాటా వెనక్కి, చెరువు దాకా వచ్చింది. నూనెలో ముందుకు వచ్చిందీ, రొయ్యలో వెనక్కి వచ్చిందీ ఒకే సూత్రం మీద.

అక్కడున్న పిల్లలకు పచ్చళ్లు, పొడులు పంపేవాళ్లకు తగిలింది వేరే నిర్ణయం. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఎత్తేసింది. మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి చాలావరకు పార్సిళ్ల బుకింగ్ ఆపి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. అప్పటి నుంచి సుంకాన్ని బుకింగ్ దగ్గరే ముందుగా తీసుకోవడం మొదలైంది. 100 డాలర్ల లోపు కానుకలకు మినహాయింపు కొనసాగింది. ఆ మినహాయింపు దక్కాలంటే పంపేది వ్యక్తి, అందుకునేది వ్యక్తి అయి ఉండాలి. పచ్చళ్ల షాపు నుంచి ఆన్‌లైన్‌లో కొని నేరుగా పంపించినది అమ్మకం కిందికి వస్తుంది. కాగితంలో ‘ఆహార పదార్థాలు’ అని ఒక్క ముక్కలో రాయకుండా మామిడి పచ్చడి కిలో, కారప్పొడి అరకిలో అని విడివిడిగా, ఒక్కోదాని విలువతో రాయించండి. విలువ తక్కువ చూపిస్తే అక్కడ తెరిచినప్పుడు పార్సిలు నిలిచిపోతుంది. మాంసం పచ్చళ్లకు సుంకంతో పనిలేదు, ఆహార భద్రత నిబంధనల కిందే ఆపేస్తారు. అక్కడి రేట్లు తరచూ మారుతున్నాయి కాబట్టి కొరియరు కౌంటరులో రెండు ప్రశ్నలు అడగండి: ఈ రోజు రేటు ఎంత, సుంకం ఇక్కడే కట్టాలా లేక అందుకునేవాళ్లు కట్టాలా? రెండోదైతే సుంకంతో పాటు కొరియరు కంపెనీ తన సేవా రుసుము కూడా కలుపుతుంది. చిన్న పార్సిళ్లకు ఆ రుసుమే సుంకం కంటే ఎక్కువ కావచ్చు.